అగ్గిపెట్టె ఇటుకలు

పాన్‌గల్,
జులై 2005

ప్రియమైన గీతా,

నీ ఉత్తరం అందింది. గద్వాల బడిలో నీకు ఫ్యాను కింద కుర్చీ దొరికిందని చదివి కడుపు మండింది. మా బడికి కరెంటు తీగ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నేను పాన్‌గల్‌లో గది అద్దెకు తీసుకుని రోజూ ఆటోలో ఊరికి పోయి వస్తున్నాను. ఊళ్లో ఫోను లేదు. పాన్‌గల్ బూత్‌లో మాట్లాడితే నా కష్టాలన్నీ వెనక నిలబడ్డవాళ్లకు కూడా తెలిసిపోతాయి. మనకు ఉత్తరాలే నయం.

బడి సంగతి చెబుతాను. ఊరి నడుమ పాత పీర్ల చావిడి ఉంది. మొహర్రం రోజులు తప్ప ఏడాదంతా ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఎన్నో ఏళ్లు బడి అందులోనే నడిచిందట. పోయిన ఏడాది దానికి ఆనించి సర్కారు ఒక కొత్త గది కట్టించింది. టీచర్లం ఇద్దరమే. పెద్దపిల్లలు హెడ్మాస్టర్ శాంతయ్య సార్‌కు, చిన్నపిల్లలు నాకు. అందరం ఆ ఒక్క గదిలోనే అరుచుకుంటాం.

ఎక్కాలు చెప్పించీ చెప్పించీ నా గొంతు పోయింది. ఒకరోజు అన్నాలు తిన్నాక పిల్లలు ఆవరణలో ఇల్లు కడుతుంటే చూశాను. ఖాళీ అగ్గిపెట్టెలో తడిమట్టి కూరి, బోర్లించి, బుల్లి బుల్లి ఇటుకలు కోస్తున్నారు. మట్టి అంటుకోకుండా లోపల బూడిద కూడా చల్లుతున్నారు, ఎవరు నేర్పారో మరి! మరునాడు నేనూ కొంగు దోపుకుని వాళ్ల పక్కన కూర్చున్నాను.

అప్పటినుంచి మా చదువు మట్టిలోనే. వట్టి నల్లమట్టి ఇటుక ఎండకు పగులుతుంది, ఎర్రమట్టీ ఊకా కలిపితే నిలుస్తుంది. నేలల పాఠం నేను చెప్పకుండానే అయిపోయింది. ఎస్తేరమ్మ అని మూడో తరగతి పిల్ల ఉంది. ఏడో ఎక్కం అడిగితే కప్పుకేసి చూసేది. వరుసకు ఏడు చొప్పున అయిదు వరుసల గోడ కట్టాలంటే ఎన్ని ఇటుకలు కావాలని అడిగాను. వేళ్లు మడిచి, విప్పి, "ముప్పై అయిదు మేడం. కొన్ని పల్గుతయ్ గదా, జర ఎక్కువనే జేస్త" అంది. వరుస విడిచి వరుసకు చివర సగం ఇటుక పెట్టాలి, అక్కడే భిన్నాల పాఠం. గది చుట్టుకొలత లెక్కపెట్టేటప్పుడు మూల ఇటుకలను రెండుసార్లు లెక్కపెట్టి కొట్టుకున్నారు కూడా. వాళ్లకొక చట్టం ఉంది: కింది వరుస సందు మీద పై వరుస సందు రాకూడదు. ఎవరి గోడలోనైనా వస్తే అందరూ కలిసి ఆ గోడ పడగొట్టి మళ్లీ కట్టిస్తారు.

ఇక అసలు సంగతి. నిన్న ఎస్తేరమ్మ నా కొంగు పట్టుకుని బడి ముందుకు లాక్కెళ్లింది. కొత్త గది గోడ, చావిడి గోడ కలిసే చోటు చూపించింది.

"గీడ జూడుర్రి మేడం. కిందికెల్లి మీదిదాంక ఒక్కటే సందు. గిది పడగొట్టి మల్ల కట్టాలె గదా?"

నేల నుంచి కప్పు దాకా తిన్నగా ఒకటే చీలిక. ఆ గోడ రాయి ఒక్కటీ ఈ గోడలోకి రాలేదు, ఈ గోడ ఇటుక ఒక్కటీ ఆ గోడలోకి పోలేదు. నా వేళ్లు లోపలికి దూరాయి. పిల్లది సంబరంగా నా ముఖం చూస్తోంది, తప్పు పట్టినందుకు శభాష్ అంటానని. నేను ఆ పిల్లను పట్టుకుని గోడకు దూరంగా లాగాను.

గీతా, నాకు చాలా భయంగా ఉంది. కొల్లాపూర్‌లో మా పెద్దమ్మ వానాకాలం గోడ మీద కూలి చనిపోయినప్పుడు నేను ఎస్తేరమ్మ అంతే ఉన్నాను. మట్టి తీస్తున్న పారల చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ గదిలో పిల్లల్ని ఎట్లా కూర్చోబెట్టను? ఏం చేయమంటావో తొందరగా రాయి.

నీ
షాహెదా


గద్వాల,
ఆగస్టు 2005

నా పిరికి షాహెదాకు,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, జాలీ వేసింది. మహబూబ్‌నగర్ హాస్టల్లో అందరం గోడవార మంచాలు వేసుకుంటే నువ్వొక్కదానివే గది నట్టనడుమ వేసుకునేదానివి గుర్తుందా? ఎవరు నీళ్లకు లేచినా నీ మంచానికి తట్టుకుని బోర్లా పడేవాళ్లు. మీ పెద్దమ్మ సంగతి తెలుసు కాబట్టి వాళ్ల నోళ్లు నేనే మూయించేదాన్ని. నిజం చెప్పు, నీకు భయం వేయని గోడ ఈ పాలమూరు జిల్లా మొత్తంలో ఒక్కటైనా ఉందా?

అయినా కీడెంచి మేలెంచమన్నారు. నీది ఇంకా ప్రొబేషన్. సర్కారు గది బాగాలేదని కాగితం మీద పెట్టావో, కట్టినవాడు, కట్టించినవాడు, బిల్లు మీద సంతకం చేసినవాడు అందరూ నీ మీద పడతారు. శాంతయ్య సార్‌కు నోటితో చెప్పు, చాలు. అంతగా గుండె ఆగకపోతే నీ చిన్నపిల్లల్ని తీసుకుని పక్క చావిడిలో కూర్చో. తాతల నాటి రాతిగోడ, మూరెడు మందం ఉంటుంది. దానికేమవుతుంది?

నీ ఇటుకల పాఠం నేనూ మొదలుపెట్టాను. పిల్లల్ని అగ్గిపెట్టెలు తెమ్మంటే ఒకడు పుల్లలతో సహా నిండు పెట్టె తెచ్చాడు. వాళ్లమ్మ మరునాడు యుద్ధానికి వచ్చింది. "సదువు జెప్తున్నవా, నా కొడుక్కు బీడీలు నేర్పుతున్నవా టీచరమ్మా?" అని బడంతా వినేలా అడిగింది. ఇప్పుడు ఆమే ఊక పంపిస్తోంది.

తిండి మానకు. నిద్ర మానకు.

నీ
గీత


పాన్‌గల్,
ఆగస్టు చివర

ప్రియమైన గీతా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చావిడిలోకి మారిపోయాం.

శాంతయ్య సార్ మొదట చిరాకు పడ్డారు. "ఆ సందు కట్టిననాటి సందే మేడం. గదేం జేస్తది?" అన్నారు. కానీ గదిలో గోల సగం తగ్గుతుందని ఆయనకూ అర్థమై ఊరుకున్నారు. చావిడి చూసుకునే ముజావర్ యాసిన్ తాత తాళం తీసి ఇస్తూ, "చెప్పులు బయట ఇడ్సి రావాలె బేటీ. ఎనక గూట్ల పీర్ల పెట్టె ఉంది, దాని జోలికి పోవద్దు. గంతే" అన్నాడు. పిల్లలకు అన్నం వండే తిమ్మమ్మ తన పొయ్యి కూడా చావిడి వరండాలోకి మార్చుకుంది. "పీర్ల నీడల కూసున్నోళ్లకు ఏంగాదు బిడ్డా" అని నా బుగ్గ పుణికింది. ఊరందరికీ సంతోషమే. ఇన్నేళ్లలో ఆ చావిడిలో ఒక్క పిల్లకు దెబ్బ తగల్లేదట, తేలు కూడా కుట్టలేదట. నేను అంతగా నమ్మేదాన్ని కాదని నీకు తెలుసు. కానీ భయపడేవాళ్లకు ఏదో ఒక ఆసరా కావాలి కదా! మొదటిసారి ఈ ఊళ్లో నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

పిల్లలు చావిడి మూలలో ఇటుకలతో ఊరంతా కడుతున్నారు. ఏ ఇల్లు ఎటు తిరిగి ఉందో దిక్కులు చూసుకుని, బావికీ బడికీ మధ్య అడుగులు కొలిచి మరీ. సాంఘికశాస్త్రంలో పటం ఎందుకు గీస్తారో వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో తమాషా ఉంది. సైకిల్ షాపులో ఒక ఇనుప నట్టు అడిగి తెచ్చి దారానికి కట్టాను. కొత్త గది వైపున్న గోడకు పైన పాత మేకు ఉంటే దానికి వేలాడదీశాం. గోడ నిలువుగా ఉందో లేదో మేస్త్రీలు ఇట్లాగే చూస్తారని చెప్పాను. కింద నట్టు గోడను తాకీ తాకకుండా నిలబడింది. కాస్త ఊపితే గోడకు తగిలి టక్కుమంటుంది. పిల్లలకు ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే, రోజూ హాజరుకు ముందు ఎస్తేరమ్మ దాన్ని ఊపాల్సిందే.

అంతా బాగుందనుకుంటే మండలం బడులన్నీ చూసే ఎం.ఈ.ఓ. తనిఖీకి వచ్చారు. చావిడిలో పిల్లల్ని, నా చేతుల మట్టిని చూసి మండిపడ్డారు. "సర్కారు రూమ్ కట్టిచ్చిస్తే పీర్ల చావిడిల కూసోవెడ్తరా? గీ బొమ్మరిల్లేంది? సదువు ఏడుంది?" అని మెమో ఇచ్చి పోయారు. వెంటనే కొత్త గదిలోకి మారాలట. ఏం చేయాలో తోచడం లేదు. ఉద్యోగం పోతుందని ఒక భయం, ఆ గదిలోకి పోవాలంటే ఇంకో భయం.

ఈ వారం ముసురు పట్టింది. కొత్త గది స్లాబు మీది నీళ్లన్నీ చావిడి వైపుకే జారుతున్నాయి. "మేడం, నట్టు మోగుతలేదు" అంటోంది ఎస్తేరమ్మ. దారం తడిసి సాగి ఉంటుందిలే అన్నాను. మళ్లీ భయపడితే నువ్వు నవ్వుతావు.

నీ సలహా కోసం చూస్తుంటాను.

నీ
షాహెదా


గద్వాల,
సెప్టెంబరు 2005

ప్రియమైన షాహెదా,

ఇందులో ఆలోచించేదేముంది? మెమో చేతిలో పెట్టుకుని మొండితనం చేయకు. రేపే కొత్త గదిలోకి మారిపో. శాంతయ్య సార్ పిల్లలతో సహా అందులోనే కూర్చుంటున్నాడు కదా, ఆయనకు లేని భయం నీకేంటి? నీ జీతం మీద ఇద్దరు తమ్ముళ్ల చదువులు ఆధారపడి ఉన్నాయి, అది గుర్తుపెట్టుకో. ఎస్తేరమ్మ చట్టాలు అగ్గిపెట్టె ఇటుకలకు సరిపోతాయి, సర్కారు ఇటుకలకు కాదు. మాట వింటావని నమ్ముతున్నాను.

ఇక్కడా వానలు దంచుతున్నాయి. మా వీధిలో పిల్లలు బడికి గిన్నెలు నెత్తిన బోర్లించుకుని వస్తున్నారు.

నీ
గీత


గద్వాల,
సెప్టెంబరు, శుక్రవారం

షాహెదా,

పొద్దున పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు ముక్కలు వేశాడు. వానలకు పాన్‌గల్ మండలంలో బడి గోడ కూలిందని. ఊరి పేరు మీదే. పిల్లల సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఎవరికి ఏమైందో రాయకుండా కింద వేరుశనగ ధర వేశాడు.

పాన్‌గల్ బూత్‌కు చేస్తూనే ఉన్నాను. మోగడం కూడా లేదు. బస్టాండుకు పోయాను. పెబ్బేరు దాటాక వాగు రోడ్డు మీదికి వచ్చిందట, పాన్‌గల్ వైపు బస్సులు లేవన్నారు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం మాత్రం ఎట్లా పోతుందో తెలియదు.

కొత్త గదిలోకి మారమని రాసింది నేనే. రేపే మారమన్నాను. నీ భయాన్ని చూసి నవ్వాను. ఆ పిల్ల పేరు తీసి వెక్కిరించాను. ఎస్తేరమ్మ ఎట్లా ఉంటుందో నేను చూడలేదు, కానీ పొద్దుటినుంచి మా క్లాసులో ప్రతి ఆడపిల్లా ఆ పిల్లలాగే కనబడుతోంది.

షాహెదా, నీకు దండం పెడతాను. బతికి ఉన్నానని ఒక్క ముక్క రాయి. పిల్లలందరూ ఉన్నారని రాయి. ఇంకేమీ రాయకపోయినా సరే.

గీత


పాన్‌గల్,
సెప్టెంబరు చివర

ప్రియమైన గీతా,

ముందు ఇది చదువు. పిల్లలందరూ క్షేమం. నేనూ క్షేమం. ఇప్పుడు కూర్చుని తక్కినది చదువు.

వాగు తగ్గి పోస్టు నిన్ననే వచ్చింది. నీ రెండు ఉత్తరాలూ ఒక్కసారే అందాయి. అంటే కొత్త గదిలోకి మారమన్న నీ సలహా ఆ రోజుకు నాకు చేరనే లేదు. నువ్వు దాని గురించి ఏడవకు. ఎందుకంటే పడింది కొత్త గది కాదు, చావిడి.

ఆ పొద్దున కూడా సన్నగా కురుస్తూనే ఉంది. ఎస్తేరమ్మ నట్టు ఊపింది. చప్పుడు రాలేదు. "మేడం, ఇంట్లకెల్లి కొత్త దారం దెచ్చి కట్టిన. పొడి దారం. గైనా మోగుతలేదు" అంది. నేను లేచి వెళ్లి చూశాను. నట్టుకూ గోడకూ మధ్య నా పిడికిలి పట్టింది. తప్పు నట్టుది కాదు గీతా, అది మేకుకు సరిగ్గా కిందే వేలాడుతోంది. పైన మేకుతో సహా గోడే మా మీదికి వంగింది. వంగి చూస్తే గోడ పాదం దగ్గర రాళ్ల నడుమ నుంచి మట్టి బురదై కారుతోంది. స్లాబు నీళ్లన్నీ ఆ సందులో దిగి చావిడి గోడను కిందినుంచి నానబెట్టాయి. సందు ప్రమాదమని పిల్ల చెప్పింది నిజమే. ఏ గోడకు ప్రమాదమో నేను తప్పు అనుకున్నాను. భయపడి, వెతికి వెతికి, పిల్లల్ని తెచ్చి సరిగ్గా దాని కిందే కూర్చోబెట్టాను.

అందర్నీ బయటికి తోలాను. కానీ ఎక్కడికి? ముందు నుయ్యి వెనుక గొయ్యి. కొత్త గదిలోకి తీసుకుపోవడానికి కాళ్లు రాలేదు. ఆవరణ నట్టనడుమ, ఏ గోడా అందనంత దూరంలో, వానలోనే కూర్చోబెట్టాను. హాస్టల్లో నా మంచం గుర్తొచ్చిందా? అన్నం పళ్లేలు నెత్తిన పెట్టుకోమన్నాను. తిమ్మమ్మను కూడా పొయ్యి దగ్గరనుంచి చెయ్యి పట్టి లాగాను. "అన్నం నాన్తుంది, పిల్లలు నాన్తున్రు, ఏం జూసి బెదిరినవ్ బిడ్డా?" అని తిడుతూనే వచ్చింది. మీరూ రండి సార్ అని కేక వేస్తే శాంతయ్య సార్ కిటికీ లోంచి, "పిల్లలకు జరాలొస్తే దవాఖానకు ఎవరు దీస్కపోతరు? జర చెప్పినట్టు ఇనుర్రి మేడం, లోపటికి తోలుర్రి" అన్నారు. ఊరు పోగైంది. యాసిన్ తాత వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "పీర్ల మీద నమ్మకం లేదా బేటీ? నువ్వు గూడ మనోళ్ల పిల్లవే గదా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. గోడ అట్లాగే నిలబడి ఉంది. పిల్లల పెదాలు నీలంగా మారాయి. వాళ్లమ్మలు నన్ను తిట్టడం మొదలుపెట్టారు. నిజం చెబుతాను గీతా, ఒక్క క్షణం ఆ గోడ కూలితే బాగుండనుకున్నాను. వెంటనే లెంపలేసుకున్నాను. నా పిచ్చి కోసం ఇంతమంది పిల్లల్ని తడుపుతున్నాననిపించింది. నా ఉత్తరం చదివి నువ్వు నవ్విన నవ్వు కూడా వినబడింది. చివరికి ఇక చాలనుకుని, "సరే, లేవండి, లోపలికి పోదాం" అన్నాను.

ఒక్క పిల్లా లేవలేదు. ఎస్తేరమ్మ పళ్లెం నెత్తినుంచి తీయకుండానే అంది:

"నట్టు మోగలే గదా మేడం. మోగినంక పోదం."

నేను మళ్లీ వాళ్ల పక్కన కూర్చున్నాను. తరువాత పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. మనిషి కాళ్లు మడిచి కూర్చున్నట్టు గోడ లోపలికి దిగింది, దాని మీద సగం కప్పు దిగింది. పిల్లల బ్యాగులు, పలకలు, వాళ్లు కట్టిన ఊరు, మేము హాజరు పిలుచుకునే చోటు అన్నీ దాని కిందే. తిమ్మమ్మ పొయ్యి మీద ఒక దూలం పడుకుని ఉంది. తిమ్మమ్మ దాన్ని చూసి, దగ్గరున్న పిల్లల్ని ఇద్దర్ని చీర కొంగులోకి లాక్కుని అట్లాగే కూర్చుండిపోయింది. శాంతయ్య సార్ తన పిల్లల్ని బయటికి పరుగెత్తించి, వాళ్లను లెక్కపెట్టి, మావాళ్లను కూడా లెక్కపెట్టి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు.

వెనక గోడ నిలిచింది. పీర్ల పెట్టెకు ఏమీ కాలేదు. యాసిన్ తాత దాన్ని నెత్తిన పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "పీర్లు నీకు ముందుగాలనే చెప్పిన్రు బేటీ. నాకు చెప్పలే" అన్నాడు. నాకు నట్టు చెప్పిందని ఆ ముసలాయనతో ఎట్లా అనను? తలూపాను. పెట్టె పెట్టడానికి వేరే చోటు లేక ఇప్పుడు మా కొత్త గదిలోనే బెంచీ మీద పెట్టాం. ఎం.ఈ.ఓ. వచ్చి చూశారు. ఈసారి మెమో ఇవ్వలేదు, నీళ్లు అడిగి తాగి పోయారు.

మండలం ఇంజనీరు వచ్చి ఆ సందులో చెయ్యి పెట్టి చూసి, రెండు గోడలూ కలిపి కట్టి ఉంటే చావిడి గోడ పోతూ పోతూ కొత్త గదిని కూడా లాక్కుపోయేది అన్నాడు. శాంతయ్య సార్ పిల్లలంతా అందులోనే ఉన్నారు. ఇది విని ఎస్తేరమ్మ తికమక పడింది. "మరి మన చట్టం తప్పా మేడం?" అని అడిగింది. తప్పు కాదు, ఒకే గోడకైతే అదే చట్టం, రెండు గోడల సంగతి నాకూ పూర్తిగా తెలియదు, ఇద్దరం కలిసి నేర్చుకుందాం అన్నాను. పిల్లలు మళ్లీ ఇటుకలు కోస్తున్నారు. ఇప్పుడు ఒక గోడ పాదం తడుపుతారు, ఇంకో గోడ పొడిగా ఉంచుతారు, ఏది ముందు పడుతుందో కాచుకుని కూర్చుంటారు. వాళ్లు కట్టే ప్రతి ఇంటికీ రెండు తలుపులు పెడుతున్నారు. నేను చెప్పలేదు.

నాకు భయం పోలేదు గీతా. మబ్బు పడితే గోడ దగ్గరనుంచి లేచి దూరం జరుగుతాను. కానీ ఇప్పుడు దాన్ని చూసి సిగ్గుపడటం మానేశాను. మట్టిలోంచి ఎస్తేరమ్మ వెతికి తెచ్చిన నట్టు కొత్త గది గోడకు వేలాడుతోంది. రోజూ ఆ పిల్ల దాన్ని ఊపుతుంది. పిల్లలందరూ నోళ్లు మూసుకుంటారు, శాంతయ్య సార్ పుస్తకం మూసి వింటారు. టక్కుమన్నాకే నేను హాజరు పిలుస్తాను.

ఈ కవరు ఇంత బరువేమిటని పోస్ట్‌మన్ నిన్ను అడిగే ఉంటాడు. అడుగున దారం కట్టిన నట్టు ఒకటి ఉంది, చూడు. ఎస్తేరమ్మ నీకు పంపమంది. నీ ఫ్యాను కింద కుర్చీ వెనక గోడకు వేలాడదీసి ఊపు. మోగిందో లేదో వెంటనే రాయి.

నీ
షాహెదా